పైనమ్మ, కిందమ్మ, మధ్యలో బల్బు

ఆ ఇంట్లో పద్నాలుగు మెట్లు, ఒక బల్బు, రెండు స్విచ్చులు. మెట్ల కింద ఒక స్విచ్చి, పైన ఒకటి. ఏది నొక్కినా వెలుగుతుంది, ఏది నొక్కినా ఆరిపోతుంది. ఇల్లు కట్టించిన మామగారు దీన్ని గొప్ప సౌకర్యమనుకున్నారు. ఇద్దరు కొడుకులకు అంతస్తులు పంచి, పెరడు పంచి, నీళ్ళ ట్యాంకులో సైతం గీత గీసి పంచిన మనిషి, మెట్ల లైటు ఒక్కదాన్ని మాత్రం ఉమ్మడిగా వదిలేసి కన్నుమూశారు. కొంప ముంచేది ఆ ఒక్కటేనని పాపం ఆయనకేం తెలుసు.

కింద పెద్ద కోడలు, పైన చిన్న కోడలు. వాళ్ళకు సొంత పేర్లున్నాయి గానీ, ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడల్లా "కిందమ్మా, పైనమ్మా" అని అరుస్తూ ఉండడంతో వీధి వీధంతా అవే ఖాయం చేసింది. ఆ ఎలక్ట్రీషియన్‌నీ ఎవరూ వదిలిపెట్టలేదు. ఎప్పుడు ఫోన్ చేసినా "రేపొస్తా" అంటాడు కాబట్టి అతను రేపు. "రేపుకి చెప్పారా?" "చెప్పాం." "ఎప్పుడొస్తాడట?" "రేపే." మనిషికీ పనితనానికీ ఇంతకంటే సూటిగా సరిపోయే పేరు ఆ వీధిలో ఇంకెవరికీ లేదు.

మామగారు స్విచ్చులతో పాటు ఒక నియమం కూడా పెట్టి వెళ్ళారు. ఆ మెట్ల దారికి కిటికీ లేదు, పట్టపగలు కూడా చీకటే. పైగా ఏడో మెట్టుని కట్టిన మేస్త్రీ, ఏ ధ్యాసలో ఉన్నాడో, ఒక అంగుళం ఎత్తు ఎక్కువ లేపాడు. అందుకని లైటు ఆర్పేవాళ్ళు ముందుగా "ఆర్పుతున్నా!" అని ఒక కేక వేయాలి. మెట్ల మీద ఎవరైనా ఉంటే "ఆగు" అంటారు, లేకపోతే అనరు. మేస్త్రీని పిలిచి ఒక్క మెట్టు సరిచేయించడం కంటే ఇంటిల్లిపాదికీ జీవితాంతం కేకలు అలవాటు చేయడం తేలికని మామగారి అభిప్రాయం. ఇరవై ఏళ్ళు ఆ ఇల్లు కేకలతోనే నడిచింది. చుట్టాలొస్తే ఉలిక్కిపడేవాళ్ళు. ఇంట్లోవాళ్ళు మాత్రం నిద్రలో కూడా "ఆగు" అనేవాళ్ళు.

రెండేళ్ళ క్రితం ఒక సాయంత్రం కిందమ్మ ఆ కేక వేయలేదు.

ఆమెకు పార్శ్వనొప్పి ఉంది. వచ్చిందంటే తలలో ఒక పక్క సుత్తి పెట్టి కొట్టినట్టుంటుంది, వెలుతురు సూదుల్లా కళ్ళలో గుచ్చుకుంటుంది. ఆమె పడుకునే గది తలుపు మీద అద్దం రెక్కలున్న వెంటిలేటర్, దాని అవతల సరిగ్గా మెట్ల బల్బు. ఆ సాయంత్రం కళ్ళు మూసుకునే లేచింది, మూసుకునే వెళ్ళింది, స్విచ్చి నొక్కింది, మూసుకునే వచ్చి పడుకుంది. నోరు తెరవలేదు. అప్పుడు పైనమ్మ ఆరిన బట్టల బుట్ట ఎత్తుకుని ఏడో మెట్టు మీద ఉంది. చీలమండ రెండు చోట్ల విరిగింది. నలభై రోజులు కట్టు.

ఆసుపత్రి వరండాలో భర్త అడిగాడు, "ఆర్పే ముందు అన్నావా?" అని.

"అనకుండా ఎందుకు ఆర్పుతానండీ?" అంది కిందమ్మ.

ఇది అబద్ధం కాదు, ప్రశ్న. ప్రశ్నలు అబద్ధాలెలా అవుతాయి? కానీ ఇంటికొచ్చేసరికి అది "అన్నాను" అయింది. పైనమ్మ కట్టు విప్పేసరికి "రెండుసార్లు అన్నాను" అయింది. ఇంకో నెల గడిచుంటే వీధి చివరి దాకా వినపడేలా అన్నాననేదే. అబద్ధానికి ఇంట్లో కాస్త చోటిస్తే అది కాళ్ళు బార్లా చాపుకుంటుంది. చివరికి మనమే గోడవారగా ఒదిగి కూర్చోవలసి వస్తుంది.

"అక్క అనలేదు," అంది పైనమ్మ.

"అన్నాను. తనకే వినపడలేదు. ఆ చెవులు ఎక్కడ పెట్టుకుని తిరుగుతుందో," అంది కిందమ్మ.

అన్నదమ్ములిద్దరూ తీర్పు చెప్పవలసిన సమయంలో గేటు దగ్గర నిలబడి బల్బు ఎన్ని వాట్లదైతే మంచిదో మాట్లాడుకున్నారు. ఇప్పటికీ అదే మాట్లాడుకుంటున్నారు. పైనమ్మ మాత్రం ఊరుకోలేదు. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళి, గాజు గదిలో కూర్చుని, కుయ్ కుయ్ శబ్దాలన్నీ విని, రెండు చెవులూ భేషుగ్గా ఉన్నాయని కాగితం రాయించుకుని వచ్చింది. ఆ కాగితం నాలుగు మడతలై, ఆమె భర్త, అంటే కిందమ్మ మరిది, చేతిలో కిందికి దిగింది.

"ఆ డాక్టరు చెవులు ఎవరు పరీక్షించారు?" అంది కిందమ్మ, కాగితం విప్పకుండానే.

అదే వాళ్ళిద్దరి మధ్య నడిచిన చివరి సంభాషణ. అదీ మరిది మీదుగా. ఆ రోజు నుంచి కన్నెత్తి చూసుకోవడం లేదు, పన్నెత్తి పలకడం లేదు. పైనమ్మ ఆ రోజు నుంచి రాత్రుళ్ళు మెట్ల లైటు ఆర్పడమే మానేసింది. పొద్దుగూకితే వేస్తుంది, తెల్లారితే తీస్తుంది. వెంటిలేటర్‌లోంచి ఆ వెలుతురు రాత్రంతా కిందమ్మ మంచం మీద పడుతుంది. కిందమ్మ లేచి ఆర్పవచ్చు, స్విచ్చి చేతికి అందేంత దూరంలోనే ఉంది. కానీ ఆర్పాలంటే అనాలి. అంటే పైన వినపడుతుంది. వినపడితే, చెవులు బాగానే ఉన్నట్టు లెక్క. చెవులు బాగానే ఉంటే, మరి ఆ రోజు?

ఇంత దూరం ఆలోచించగలిగిన మనిషి, ఒక్క మాట ఒప్పుకుంటే పోతుందన్న దగ్గరి దారి మాత్రం ఆలోచించలేదు. వెంటిలేటర్‌కి అట్టముక్క అంటించింది. అట్ట ఊడిపోయింది. దుప్పటి కట్టింది. గదిలో గాలాడక తలనొప్పి రెట్టింపయింది.

అలాంటి సమయంలో ఆమె కళ్ళజోడు మార్పించుకోవడానికి షాపుకి వెళ్ళింది. అక్కడి మనిషి గోడ మీదున్న గుండ్రటి మీట ఒకటి పట్టుకుని మెల్లగా తిప్పాడు. గదిలో వెలుతురు మెల్లగా పలచబడింది. టప్పుమనలేదు, చీకటి పడలేదు. ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా, ఎవరూ అడగకుండా, తనంతట తాను తగ్గింది.

"దాన్నేమంటారు?" అంది కిందమ్మ. అక్షరాలు చదవమని అతను చూపిస్తున్న బోర్డు వైపు ఆమె కన్నెత్తి కూడా చూడలేదు.

"డిమ్మరండీ. ఇంట్లో ఉన్న లైట్లకే పెట్టుకోవచ్చు, స్విచ్చి తీసేసి ఆ చోట్లోనే."

కిందమ్మ జీవితంలో ఇంత అందమైన యంత్రాన్ని చూడలేదు. నోరు విప్పకుండా తగ్గే సౌకర్యం! లైటు ఆర్పితే కదా కేక వేయాలి? తగ్గిస్తే అక్కర్లేదు. మామగారి నియమంలో తగ్గించడం గురించి ఒక్క ముక్కా లేదు. ఇటు తల నిలుస్తుంది, అటు మాటా నిలుస్తుంది. ఇంటికొస్తూ దారిలోనే రేపుకి ఫోన్ చేసింది.

రేపు అన్నట్టుగానే రేపు వచ్చాడు, అంటే ఐదో రోజున. మెయిన్ కట్టేసి, కింది స్విచ్చి బోర్డు విప్పి, టెస్టర్ పెట్టి చూసి, పెదవి విరిచాడు.

"ఇది టూవే లైనమ్మా. పైనొకటి, కిందొకటి. రెండింట్లో ఒక్కచోటే డిమ్మర్ పెట్టాలి. రెండోచోట మామూలు స్విచ్చే ఉండాలి. పైనమ్మకి ఒక మాట చెప్పండి, అక్కడ ఏమీ కదపొద్దని."

"చెప్తాలే," అంది కిందమ్మ.

ఎంత తేలిగ్గా అనేసింది! రెండేళ్ళుగా మాటల్లేని తోడికోడలికి చెప్తుందట. రేపుకి ఆ సంగతి తెలియక కాదు, వీధిలో తెలియనిదెవరికి? కానీ వైర్ల సంగతి చూడటం వరకే తన పనని అతని నమ్మకం.

పాత బోర్డు డబ్బా లోతు చాలక, డిమ్మర్ వీపు అందులో పట్టలేదు. గోడ కాస్త చెక్కి లోతు చేశాడు. బిగించి మీట తిప్పితే బల్బు తగ్గడానికి బదులు టపటప కొట్టుకుంది. మామూలు ఎల్‌ఈడీ డిమ్మర్‌కి లొంగదనీ, దానికి తగిన బల్బు వేరే ఉంటుందనీ చెప్పి, సైకిల్ మీద వెళ్ళి అదీ తెచ్చాడు. డిమ్మర్ పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి, మీట ఎంత దించినా లైటు పూర్తిగా ఆరిపోకుండా అడుగు వెలుతురు సరిచేశాడు. అతని పేరెంత వంకరైనా పని మాత్రం సాఫు. ఆ సాయంత్రం పైనమ్మ ఎప్పట్లాగే పై నుంచి లైటు వేసింది. కిందమ్మ మీట పట్టుకుని నిదానంగా, దొంగతనంగా, ఆనందంగా తిప్పింది. మెట్ల మీద వెలుతురు పల్చటి మజ్జిగ రంగుకి దిగింది. వెంటిలేటర్‌లో సూదులు మాయమయ్యాయి.

మూడు రోజులు హాయిగా నిద్రపోయింది. ఆ మూడు రోజుల్లో పైనమ్మ ఏడో మెట్టు దగ్గర గోడ తడుముకుంటూ దిగుతోందని ఆమెకు తెలియదు. తెలియదనే అనుకుందాం, ఆవిడా అలాగే అనుకుంది.

ఇక మరిది సంగతి. మరిది ఫోన్‌లో వీడియో చూసి ఏ పనైనా చేయగలడు. చేశాక దాన్ని బాగుచేయడానికి మాత్రం మనిషిని పిలవాలి. కుళాయి బిగించి వంటింట్లో వాన కురిపించాడు, తలుపుకి కొత్త గడియ వేసి తనే లోపల ఇరుక్కున్నాడు. ఇప్పుడు మెట్ల లైటు ఎందుకో నీరసించిందని భార్య అంటే, కింద ఏం జరిగిందో అడగడానికి పద్నాలుగు మెట్లు దిగలేదు. ఫోన్ తీశాడు. వీడియోలో ఎవరో నవ్వుతూ డిమ్మర్ బిగిస్తున్నాడు. వెలుతురు మన చేతిలో ఉంటుందన్నాడు. ఆదివారం మధ్యాహ్నం పైన స్విచ్చి తీసేసి మరిది కూడా ఒక డిమ్మర్ బిగించాడు.

మాట్లాడుకునే ఇళ్ళలో ఇలాంటి తప్పు జరగదు. ఒకరు గుమ్మంలో నిలబడి "డిమ్మర్ పెట్టించాం" అంటారు, రెండోవాళ్ళు "అలాగా, ఎలా ఉంది?" అంటారు, అంతటితో సరి. ఇక్కడ మాత్రం ఒకే బల్బు రెండు చివర్లా రెండు డిమ్మర్లు చేరి, ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండా, దాని పీక చెరొకవైపు నుంచి పట్టుకున్నాయి.

ఆ సాయంత్రం మెట్ల లైటుకి పూనకం వచ్చింది. వెలిగి, వణికి, జుమ్మని మూలిగి, ఆరి, మళ్ళీ వెలిగింది. కిందమ్మ మీట తగ్గించింది. లైటు ఇంకా గట్టిగా కొట్టుకుంది. "చూశారా? నేను తగ్గిస్తుంటే పైనుంచి పెంచుతోంది!" అంది భర్తతో. సరిగ్గా అదే క్షణంలో పైన మీట పట్టుకుని పైనమ్మ, "చూశారా? నేను పెంచుతుంటే కిందనుంచి తగ్గిస్తోంది!" అంటోంది తన భర్తతో. ఇద్దరు భర్తలూ ఒకే జవాబిచ్చారు, ఎంతైనా అన్నదమ్ములు కదా. "బల్బు వాట్లు చాలవేమో," అన్నారు.

కిందమ్మకి పంతం వచ్చింది. మీట పూర్తిగా దించేసింది. రెండు డిమ్మర్ల లాగులాటలో రేపు సరిచేసిన అడుగు వెలుతురు కూడా నిలవక, మెట్ల దారి చీకటైపోయింది. పై నుంచి ఏమీ వినపడలేదు, అడుగుల చప్పుడు కూడా. పైనమ్మ మెట్ల మీద ఉందో ఇంట్లో ఉందో తెలియని ఆ నిశ్శబ్దంలో కిందమ్మకి రెండేళ్ళ కిందటి బుట్ట దొర్లిన చప్పుడు చెవిలో మోగింది. గబగబా మీట పైకి తిప్పింది. లైటు వణుకుతూ వెలిగింది. మెట్ల మీద ఎవరూ లేరు. ఆ రాత్రి వెంటిలేటర్‌కి దుప్పటి కట్టలేదు, మీటా ముట్టుకోలేదు, వణికే వెలుతురులోనే తల పట్టుకుని పడుకుంది.

తెల్లారగానే రేపుకి ఫోన్ వెళ్ళింది. ఒకటి కింద నుంచి, ఒకటి పై నుంచి. రెండు ఫోన్లు ఒకే ఇంటి నుంచి వచ్చేసరికి విషయం గట్టిదేననుకుని, చరిత్రలో మొదటిసారి అతను అదే రోజున వచ్చాడు.

సాయంత్రం నాలుగింటికి మెట్ల మధ్యలో, ఎనిమిదో మెట్టు మీద స్టూలు వేసుకుని, టార్చి నోట్లో కరుచుకుని, పైకీ కిందికీ చూసి, టార్చి తీసి, నవ్వాడు.

"ఏమయ్యా, ఏమైంది?" అంది కిందమ్మ కింద నుంచి.

"ఏమవుతుందమ్మా. కిందొక డిమ్మరు, పైనొక డిమ్మరు. రెండూ ఒకదాన్నొకటి కోసుకుంటున్నాయి. చెప్పమన్నాను కదా పైనమ్మకి?"

కిందమ్మ నీళ్ళు నమిలింది. పైన మరిది కూడా నీళ్ళు నమిలాడు, కాకపోతే చేతిలో స్క్రూడ్రైవర్‌తో నమిలాడు.

"ఒకటి ఉంచుతా, ఒకటి తీస్తా," అన్నాడు రేపు. "ఏది ఉంచమంటారో మీరే తేల్చుకోండి."

"నాది ముందు పెట్టించాను. పైది తీసేయమని చెప్పు," అంది కిందమ్మ.

"కాలు విరగ్గొట్టుకున్నది నేను. కిందది తీసేయమని చెప్పు," అంది పై నుంచి గొంతు.

"చెప్పడానికి మధ్యలో నేనెందుకమ్మా, ఒకరి మాట ఒకరికి వినపడటం లేదా?" అన్నాడు రేపు.

పాపం, మామూలుగానే అన్నాడు. కానీ మెట్ల దారి మొత్తం చల్లబడింది. అన్నదమ్ములిద్దరూ ఎందుకో గేటు దగ్గర పని గుర్తొచ్చి అటు వెళ్ళారు.

"సరే, అదంతా తర్వాత," అన్నాడు రేపు. "వైర్లు ఎలా కలిపారో ఆ దేవుడికే తెలియాలి. ముందు రెండు చోట్లా పాత స్విచ్చులే పెట్టి, లైను సరిగ్గా ఉందో లేదో చూస్తా." కిందా పైనా అరగంట పని చేశాడు. మెయిన్ వేసి వచ్చి మళ్ళీ స్టూలెక్కి బల్బు హోల్డర్ పట్టుకుని కూర్చున్నాడు. "నేను చెప్పినట్టు చేయండి. కిందమ్మా, వేయండి."

కిందమ్మ వేసింది. నిండు వెలుతురు.

"పైనమ్మా, ఆర్పండి." ఆరింది. "మీరే వేయండి." వెలిగింది.

వెలుగులో కిందమ్మ తలెత్తి చూసింది. పని ఎలా జరుగుతోందో చూద్దామనేమో, పైనమ్మ స్విచ్చి నొక్కేసి, రెయిలింగ్ పట్టుకుని నాలుగు మెట్లు దిగి వచ్చి నిలబడింది. స్టూలు కాళ్ళ సందుల్లోంచి ముఖం కనపడలేదు, పాదం ఒక్కటే కనపడింది. విరిగిన కాలు. చీలమండ దగ్గర ఎముక కాస్త పక్కకి పొడుచుకొచ్చింది. మెట్టు మీద నిండుగా ఆననివ్వకుండా, వేళ్ళ మీద సగం బరువు నిలిపి పెట్టుకుంది. రెండేళ్ళలో ఆ పాదాన్ని కిందమ్మ ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు. ఒకే ఇంట్లో ఉంటూ చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడాలో, అంతా కష్టపడింది మరి.

"కిందమ్మా, ఆర్పండి," అన్నాడు రేపు.

ఆమె వేలు స్విచ్చి మీదికి వెళ్ళింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఆర్పుతున్నా!"

రెండేళ్ళు మూతపడి ఉన్న కేక, కాస్త తుప్పు పట్టినట్టు, కానీ గట్టిగానే వచ్చింది. కిటికీ లేని గోడల మధ్య పైదాకా మోగింది. స్విచ్చి మాత్రం నొక్కలేదు.



"వినపడింది," అంది పైనమ్మ.

ఎవరితో అందో తెలియదు. మళ్ళీ, ఈసారి తనలో తాను లెక్క సరిచూసుకుంటున్నట్టు, "నాకు వినపడింది," అంది.

"మీకు వినపడితే ఏం లాభమమ్మా, ఆర్పాల్సింది కిందమ్మ," అన్నాడు రేపు.

కిందమ్మకి అప్పటిదాకా తట్టని సంగతి అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ తను దాచుకున్నది ఒక చిన్న మాట అనుకుంది, తన మాటే కదా అనుకుంది. అది పైన ఇంకో మనిషి చెవుల్లో కాపురం పెట్టిందని అనుకోలేదు. ఎన్నో సాకులు నాలుక చివరి దాకా వచ్చాయి. తలనొప్పి అంది ఒకటి, కళ్ళు మూసుకుపోయాయి అంది ఒకటి, నువ్వు కూడా చూసుకోవాల్సింది అంది అన్నిటికంటే ముదురుది. వాటన్నిటినీ ఆమె గుటక వేసి మింగింది. ఒప్పుకోవలసిందే, సాకుల్ని మింగడం అంత తేలికేం కాదు.

"ఆ రోజు నేను అనలేదు," అంది.

"ఏ రోజమ్మా? ఇప్పుడు అన్నారుగా," అన్నాడు రేపు.

"నువ్వుండవయ్యా," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

పైనమ్మ మెట్టు మీదే కూర్చుండిపోయింది. ఇప్పుడు ముఖం కనపడుతోంది. కోపం కనపడితే కిందమ్మకి బాగుండేది, కోపాన్ని ఎలా ఎదుర్కోవాలో ఆమెకు బాగా తెలుసు. అక్కడున్నది అలసట.

"రెండేళ్ళ నుంచి ఎవరు పిలిచినా రెండోసారి పిలిచేదాకా పలకడం లేదు నేను," అంది పైనమ్మ. "మొదటిసారి వినపడింది నిజమో, నా భ్రమో తెలియక. కాగితం మీద బాగానే ఉన్నాయని రాశారు. అయినా నువ్వు అంత గట్టిగా అంటున్నావని, కాగితమే తప్పేమో అనుకున్నాను. నువ్వు అబద్ధమాడతావని అనుకోలేదు."

"తప్పు నాదే," అంది కిందమ్మ. ఎంత చిన్నగా అందంటే, మధ్యలో కూర్చున్న రేపు, ఎందుకైనా మంచిదని, పైకి తిరిగి "తప్పు ఆవిడదేనటమ్మా," అని అందించాడు.

పైనమ్మ లేచింది. రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి, వెనక్కి తిరక్కుండా లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. గట్టిగా మూయలేదు, అదొక్కటే.

రేపు తల గోక్కున్నాడు. "మరి డిమ్మర్ ఎక్కడ ఉంచమంటారు?"

"పైన ఉంచు."

"మీ తలనొప్పి?"

"నా తలనొప్పి సంగతి నేను చూసుకుంటా. నాకు మామూలు స్విచ్చి చాలు."

"తర్వాత నన్నేమీ అనకండి మరి. మామూలు స్విచ్చి మెల్లగా తగ్గదు. టప్పున ఆరిపోతుంది."

"ఆరిపోనీ," అంది కిందమ్మ. "నేను చెప్పి ఆర్పుతా."

గోడకి చెక్కిన గుంటలోకి పాత స్విచ్చి వదులుగా కూర్చుంది. చుట్టూ ఒక వేలు మందాన ఖాళీ మిగిలితే, రేపు దాన్ని కాస్త సిమెంటుతో పూడ్చాడు. ఆరడానికి ఒక రోజు పడుతుందనీ, రంగు వేయడానికి రేపొస్తాననీ చెప్పి వెళ్ళాడు. ఆ మచ్చ ఇప్పటికీ అలాగే ఉంది.

మొదటి రోజు సాయంత్రం లైటు నిండుగా వెలిగింది. కిందమ్మ తల పగిలిపోతుండగా వచ్చి "ఆర్పుతున్నా!" అని కేక వేసింది. జవాబు రాలేదు. అంటే మెట్ల మీద ఎవరూ లేరని అర్థం, మామగారి నియమం ప్రకారం. ఆర్పి వెళ్ళి పడుకుంది. పడుకుని, జవాబు రాకపోవడానికి ఉన్న రెండో అర్థం గురించి చాలాసేపు ఆలోచించింది.

రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. ఖాళీ మెట్లకు ఆమె పద్ధతిగా చెప్పి ఆర్పింది. ఒక రోజు గేటు దగ్గర నుంచి భర్త అది విని, "ఎవరితో మాట్లాడుతున్నావు?" అని అడిగాడు. "బల్బుతో," అంది. వాట్ల ప్రస్తావన వచ్చిందేమోనని ఆయన ఆశగా లోపలికి తొంగి చూశాడు.

నాలుగో రోజు లైటు వెలిగినప్పుడు కిందమ్మ వెంటిలేటర్ వైపు చూసి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చూసింది. వెలుతురు పలచగా ఉంది. పైన ఎవరో మీట తిప్పి తగ్గించారు. మెట్లు కనపడేంత, కళ్ళలో గుచ్చుకోనంత. మరిది పొరపాటేమోనని ముందు అనుమానించింది. మరిది చేసిన పని ఇంత కుదురుగా ఉండదని గుర్తొచ్చాక, మంచం మీద కూర్చుని, చెంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ రోజు లైటు ఆర్పవలసిన అవసరం లేకపోయింది. అయినా లేచి వెళ్ళి, ఆర్పకుండానే, స్విచ్చి పక్కన కాసేపు నిలబడి వచ్చింది.

ఐదో రోజు సాయంత్రం నొప్పి గట్టిగానే వచ్చింది. పలచటి వెలుతురు కూడా భరించలేనంతగా. కిందమ్మ గోడ పట్టుకుంటూ మెట్ల దగ్గరికి వచ్చింది. కళ్ళు మూసుకునే ఉన్నాయి. వేలు స్విచ్చి మీద పెట్టింది.

"ఆర్పుతున్నా!"

"ఆగక్కా, ఇంకా మూడు మెట్లున్నాయి."

గొంతు పై నుంచి రాలేదు. దగ్గరగా, చాలా దగ్గరగా, కిందికి దిగుతూ వస్తోంది. కిందమ్మ కళ్ళు తెరవలేదు, వేలూ తీయలేదు. తలలో సుత్తి దెబ్బలు పడుతుండగా, ఒకటి, రెండు అని లెక్కపెడుతూ ఆగింది.